సైలెన్సర్‌లో గుడ్డముక్క

దూరప్రయాణాల కోసం కొత్తగా కొన్న పాతకాలపు మోటారుసైకిల్ పక్కన భార్యాభర్తలు నిలబడి ఉన్నారు.

"ఈ గుడ్డ ఎక్కడిదే?"

"సైలెన్సర్‌లోంచి లాగాను. బండి కడిగేటప్పుడు నీళ్ళు పోకూడదని మీరే కుక్కారు."

"అయ్యో, తియ్యడం మర్చిపోయాను! ఉండు... అరె, ఒక్క కిక్కుకే స్టార్టయింది!"

"నిన్న అందరి ముందూ మా తమ్ముణ్ణి ఏమన్నారు?"

"చచ్చిన బండిని నాకు అంటగట్టాడన్నాను."

"మీ ముచ్చట తీర్చాలని వాడు ఊరూరా వెతికిన బండి. భోజనమైనా చెయ్యకుండా వెళ్ళిపోయాడు."

"తల కొట్టేసినట్టుంది. ఇప్పుడే వెళ్ళి తప్పయిందంటాను."

"బండి మీదే వెళ్ళండి మరి."

"వద్దు, నడిచే వెళ్తాను. ఈ చప్పుడు వింటే వాడు అన్నీ మర్చిపోయి నవ్వుతూ ఎదురొస్తాడు. ఇక నా నోరు పెగలదు."