చెంగమ్మ క్యాసెట్టు రెండో పక్క

రెడ్డెయ్య అని ఒకడు, రాయచోటి దావలో జీపు తోలేవాడు. పాలవంకపల్లె వాళ్లది. జీపు సొంతందే, అయితే దాన్ని నిలబెట్టింది మాత్రం వాని పెండ్లాం చెంగమ్మ. ఆయమ్మ కువైట్‌లో ఒకరింట్లో వంటపని చేసి దుడ్లు పంపేది. పోయేటప్పుడు బస్టాండులో ఏం చెప్పిందంటే, నేను తిరిగొచ్చే రోజు మన జీపులోనే నన్ను తీసకపోవాల, పరాయి బండి ఎక్కేది లేదు అనిందంట. సరే అన్నాడు. ఆ మాట పట్టుకోనే బతుకుతాండాడనుకో. అప్పట్లో ఫోన్లు యాడివప్పా. ఉత్తరం రాద్దామంటే ఆయమ్మకు అక్షరం రాదు. అందుకని క్యాసెట్టులో మాట్లాడి, సెలవుకు ఊరొచ్చేవాళ్ల చేత పంపేవాళ్లు. క్యాసెట్టు వచ్చిందంటే టేపురికార్డరు చుట్టూ ఇల్లంతా చేరేది, పక్కింటోళ్లు కూడా వచ్చేవాళ్లు. అత్తా నీ కాళ్లనొప్పులు ఎట్లుండాయి, పెద్దోడా బడికి పోతాండావా, గేదె ఈనిందా, ఇట్లా అందరినీ పేరు పేరునా అడిగేది. అది మొదటి పక్క. రెండో పక్క మొగునికి. అట్లని ఎవరూ నోరు తెరిచి చెప్పింది లేదు, అదొక కట్టు. మొదటి పక్క అయిపోతానే ముసలమ్మ మీట నొక్కి, క్యాసెట్టు తీసి, మొగం అటు తిప్పుకోని కొడుకు చేతికిచ్చేది. వాడు సిగ్గుపడతా జేబులో వేసుకునేవాడు. రెండు గదుల ఇంట్లో పదిమంది ఉంటే ఇంక యాడ వింటాడు? జీపులోనే. మనుషుల్ని దింపేసి ఉత్త బండి వెనక్కి తోలుకొచ్చేటప్పుడు పెట్టుకునేవాడు.

ఇట్లుండంగా ఏమైందంటే, ఇంకో ఏడాదిలో చెంగమ్మ వస్తాదనంగా, వీడికి జీపు కొత్తగా కనపడాలని బుద్ధి పుట్టింది. చిలకపచ్చ రంగు వేయించినాడు. ఆయమ్మకు ఆ రంగు చీరంటే పానం. వేసేవాడు కూడా మంచోడే, లోపలా బయటా సందు ల్యాకుండా పూసి పెట్టినాడు. టేపు సెట్టు ఊడదీసి, రంగారినాక మళ్లా బిగించినారు. ఆ తర్వాత ఒక క్యాసెట్టు వచ్చింది. ఇంట్లో మొదటి పక్క పెడితే గొంతు ఖంగుమంటాండాది. రెండో పక్క జీపులో పెట్టినాడా, ఆయమ్మ మాటల కింద కుయ్యిమని ఒక సన్నటి ఏడుపు. నిలిచేది ల్యా. ఆయమ్మ మామూలుగానే రెండో పక్కలో గొంతు తగ్గించి మాట్లాడేది, యజమానురాలు వింటాదని. ఆ ఏడుపులో మాట మునిగిపోతాండాది. మిట్ట ఎక్కేటప్పుడు ఇంకా హెచ్చతాది, పల్లంలో కొంచెం తగ్గతాది. నా చెంగమ్మ ఏడుస్తాందిరా దేవుడా అనుకున్నాడు. ఒకసారి పాలవంక కాడ ఇంజను ఆపి విన్నాడంట. ఏడుపు ఆగింది గానీ గొంతు బొంగురుపోయి, సాగి సాగి, జొరమొచ్చిన మనిషి మాట మాదిరి వచ్చింది. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిందనుకున్నాడు. మీరు నవ్వుతాండారు. వాని జాగాలో ఉండి చూడండి. ఇంట్లో విన్న పక్కలో ఏడుపు ల్యా, జీపులో విన్న పక్కలో ఉండాది. వేరే క్యాసెట్టు పెట్టి చూసుంటే తెలిసేదే, గానీ ఆయమ్మ పోయినప్పటినుంచీ ఆ సెట్టులో ఇంకో గొంతు పెట్టింది ల్యా వాడు.

పక్కూర్లో ఖైరున్‌బీ అని ఒకామె, చెంగమ్మ ఉండే వీధిలోనే పని, సెలవుకొచ్చి మళ్లా పోతాండాది. రెడ్డెయ్య ఆమె కాడికి పోయి, అక్కా, చెంగమ్మను వచ్చేయమని చెప్పాల, ఏమైనా కానీ అన్నాడంట. గడువు తీరకుండా వస్తే మళ్లా ఆ దేశంలోకి రానీరు, పడిన కష్టమంతా మట్టిలో కలుస్తాది, బాగా ఆలోచన చేసుకోని ప్రయాణం ముందర రోజు వచ్చి చెప్పిపో అనిందామె. ఆలోచన చేసేకి ఏముండాది? అయినా ఆ ఏడుపు కింద మాటేందో ఒక్కసారి వినాలని, ఆ ముందర రోజు పొద్దున రాయచోటిలో గైబూసాబు అంగడికి పోయినాడు. బ్యాటరీలు, వైరింగు పని చేస్తాడాయన, వాగుడుకాయ. క్యాసెట్టులో ఏడుపు తీసేసి మాట మిగిలేట్టు చెయ్యగలవా సాబూ అన్నాడు. ఏదీ పెట్టు చూద్దామంటే, నా పెండ్లాం ఏడుపు నీకు వినిపించాల్నా అని క్యాసెట్టు మీద చెయ్యేసుకున్నాడు. సరే నాయనా, నీది దాపెట్టుకో, నాది పెడతా అని గైబూసాబు తన ఖవాలీ క్యాసెట్టు తెచ్చి దూర్చి, ఇంజను ఆడించినాడు. కుయ్యిమనింది. యాక్సిలేటరు తొక్కితే పైకి లేచింది. గైబూసాబు గడ్డం గోక్కుంటా, మా ఖవాలీ ఆయప్ప కూడా ఏడుస్తాండాడే రెడ్డెయ్యా, ఈయన పెండ్లాం ఏ దేశం పోయిందో అన్నాడు. రెడ్డెయ్యకు నవ్వు రాలా. వంగి ఆ సెట్టు పక్కే చూసినాడు.

గైబూసాబు పనిలోకి దిగినాడు. స్పీకర్ల తీగలు ఇంజను తీగల పక్కనుంచి తప్పించి చూసినాడు, ఏడుపు పోలా. డైనమో కాడ మోత తగ్గించే కండెన్సరు కట్టినాడు, కొంచెం తగ్గింది గానీ పోలా. అప్పుడొక పొడుగు తీగ తీసుకోని, ఒక కొన సెట్టు ఒంటికి, ఇంకో కొన నేరుగా బ్యాటరీ మైనస్సుకు ఆనించినాడు. ఏడుపు కోసేసినట్టు ఆగిపోయింది. తీగ తీస్తే మళ్లా వచ్చింది. ఎర్తు నాయనా, నీ బండికి ఎర్తు ల్యా అన్నాడు. ఎర్తు అంటే చెప్తా వినండి. నేను అనంతపురం కాలేజీలో చదివేటప్పుడు మా లెక్చరరు దీని మీద వారం పాఠం చెప్పినాడు, ఆయన పంచె కట్టుకోని సైకిల్లో వచ్చేవాడు, ఆ కథ వేరే. ఇంట్లో ఎర్తు అంటే తీగ భూమిలోకి పోతాది. బండి రబ్బరు చక్రాల మీద ఉండాది, దానికి భూమి యాడిది? దాని ఇనుప ఒళ్లే దానికి భూమి. బ్యాటరీలో బయలెల్లిన కరెంటు సెట్టులో పనిచేసి, ఆ ఒంటి మీద నడిచి ఇల్లు చేరాల. ఆ దావ మూసుకుపోయిందనుకో, పక్క తీగలెమ్మడి పడి పోతాది, డైనమో మోతను కూడా ఎంటేసుకోని. ఇంజను ఆపితే మోత ఉండదు గానీ, కరెంటు చాలక సెట్టు నిదానంగా తిరిగి గొంతు సాగతాది. ఇక్కడ దావ మూసిందేంది? డ్యాషు బోర్డు కింద సెట్టు నల్ల తీగను బోల్టేసి బిగించిన తావు చూస్తే, బోల్టు గట్టిగానే ఉండాది, దాని కింద మందంగా చిలకపచ్చ రంగు, రంగులో కరెంటు పారదు కదా.

గైబూసాబు కత్తి తీసుకోని గీకబోతే, రెడ్డెయ్య చెయ్యి పట్టుకున్నాడంట. కనపడే తావు కాదులేప్పా, చెంగమ్మ వంగి చూడదులే అన్నాడాయన. చెయ్యి వదిలినాడు. తెల్లటి ఇనుము బయటపడేదాకా గీకి, ఎమిరీ కాగితంతో రుద్ది, బోల్టు బిగించి, తుప్పు పట్టకుండా పైన కొంచెం గ్రీసు పూసినాడు. ఖవాలీ ఆయప్ప కడిగిన ముత్యంలా పాడినాడు. రెడ్డెయ్యకు గుండె మీద బరువు దిగింది, పెండ్లాం ఏడవడం ల్యా. దిగినాక అక్కడ ఉత్తగా తోచింది. ఇన్నాళ్లూ నాకోసం ఏడుస్తాందనుకోని నేను ఏడ్చినా కదా, ఇంక ఆయమ్మ నన్ను తలుచుకుంటాండాదో ల్యాదో అని దిగులు పట్టుకుందంట. మనిషి మనసు చూడండి.

ఖైరున్‌బీ ఊరి దావ పట్టినాడు. బండిలో ఎవరూ ల్యారు. రెండో పక్క పెట్టినాడు. "ఇదో, ఇంటాండావా?" అనింది చెంగమ్మ, చెవి కాడ నిలబడి చెప్పినట్టు. ఆ తర్వాత ఏమీ ల్యా. యాడనో కొళాయి నీళ్లు గిన్నెలో చుక్క చుక్క పడతాండాయి. క్యాసెట్టు ఆగిందేమోనని చూస్తే తిరుగుతానే ఉండాది. "తింటివా?" అనింది. మళ్లా ఏమీ ల్యా. "నేను ల్యానని గడ్డం పెంచినావు కదా?" ఊరకుండి, చిన్నగా నవ్వి, "నాకు తెల్సులే" అనింది. రెడ్డెయ్య బండి పక్కకు తీసి, ఇంజను ఆపకుండానే కూర్చున్నాడు. వాడు బదులు చెప్పేకి ఆయమ్మ నడమ నడమ తావు వదిలింది. ఆ తావుల్లోనే ఇన్నాళ్లూ ఏడుపు నిండిపోయుండాది. క్యాసెట్టు వెనక్కి తిప్పి మళ్లా పెట్టినాడు. ఇంటాండావా అంటే ఇంటాండా అన్నాడు. తింటివా అంటే, తింటిని, సద్దన్నం అన్నాడు. గడ్డం మాట రాంగానే చెయ్యి చెంపకు పోయింది. "సరే, ఇంక నువ్వు చెప్పు" అని ఆయమ్మ శానా సేపు గమ్మునుండింది. వాడు జీపు రంగు కాడ మొదలుపెట్టినాడు, రంగేసినాయన పేరు, ఎన్ని పూతలు పూసినాడు, ముసలమ్మ చూసి ఏమనింది, అని చెప్తాండంగానే "ఎవరో వస్తాండారు, ఉంటా" అని టక్కున ఆగిపోయింది. దావలో చెయ్యెత్తి నిలబడిన మనుషులు, ఈడెవర్తో మాట్లాడతాండాడని చూసి, ఎక్కకుండా ఎడం జరిగినారంట.

ఖైరున్‌బీ మూటలు కట్టుకుంటాండాది. ఏమప్పా, వచ్చేయమని చెప్పేదేనా అనింది. వద్దక్కా, గడువు తీరేదాకా ఉండమను అన్నాడు. అని తల గోక్కోని, ఒక మాట మాత్రం చెప్పక్కా, ఈసారి నడమ నడమ ఇంకొంచెం సేపు గమ్మునుండమను, నాకు చెప్పేదానికి తావు చాల్లేదని చెప్పు అన్నాడు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలా. అయినా మోసకపోయి చెప్పింది.

చెంగమ్మ వచ్చిందా అని అడుగుతారు మీరు. వచ్చింది, చిలకపచ్చ జీపులోనే వచ్చింది. ఇప్పుడు ఇంట్లో ఆయమ్మ మాట్లాడేదానికి అడ్డం ల్యా, నడమ ఊపిరి పీల్చేంత సందు కూడా వదలదు. రెడ్డెయ్య ఉత్త బండి తోలేటప్పుడు ఇప్పటికీ ఆ రెండో పక్కే పెట్టుకుంటాడంట. మనిషి ఇంట్లోనే ఉండాది కదప్పా అని గైబూసాబు ఎగతాళి చేస్తే, ఆయమ్మ వేరే సాబూ అన్నాడంట. నాకు తెలిసినట్టే ఉండాది గానీ విడమరిచి చెప్పమంటే చెప్పలేను. మా ఇంట్లో ఆమె ఇంతకుముందే కూటికి పిలిచింది, నేను పోతా.