సార్ సంతకం పెడతారు

హోటల్ లాండ్రీలో సూపర్‌వైజర్ రిటైరవుతున్నాడు. అక్కడ పదకొండేళ్లుగా పనిచేస్తున్న అమ్మ ఆ పోస్టుకి దరఖాస్తు చెబుతోంది. కూతురు ఇంగ్లీషులో టైపు చేస్తోంది.

“‘సూపర్‌వైజ్’ చేశానని కొట్టనా, ‘లీడ్’ చేశానని కొట్టనా?”

“‘హెల్ప్’ చేశానని కొట్టవే. సూపర్‌వైజర్ ఆయన కదా!”

“మరి ఆయనేం చేస్తాడు?”

“సంతకం పెడతారు. ఉండు, ఫోను... సార్, తెల్ల దుప్పట్లలో ఎర్ర తువ్వాళ్లు వేశారా? ముందు మిషన్ ఆపండి. దేన్నీ ఆరేయకండి, నేనొస్తున్నా.”

“ఆయనేనా?”

“పాపం, నేను సెలవు పెడితే ఆయనకి కాళ్లూ చేతులూ ఆడవు.”

“అయితే ‘సూపర్‌వైజర్‌ని మేనేజ్ చేశాను’ అని కొడుతున్నా.”

“వద్దే తల్లీ! దరఖాస్తులు ముందు ఆయన దగ్గరికే వెళ్తాయి.”

“చదువుతాడా?”

“ఎక్కడ! కట్ట నా చేతికిచ్చి, ‘మంచివాళ్లని నువ్వే ఏరి పెట్టమ్మా’ అంటారు.”