మామగారు పోయారు

...అదే నేనూ అడుగుతున్నాను, రిఫరీ బాబూ. మోసం అన్న మాట మీ నోటికి అంత తేలిగ్గా ఎలా వచ్చింది? మెడలో ఆ బిళ్ళ వేలాడుతోంది కదా అని ఏ మాటైనా అనెయ్యొచ్చా?

తలుపు వేయకండి. గాలాడదని కాదు. బయట అంతమంది నిలబడ్డారు, వాళ్ళనీ విననివ్వండి. నాకు నలుగురిలో మాట్లాడటమే అలవాటు. మూసిన గదిలో గుసగుసలాడితే నా నిజం నాకే అబద్ధంలా వినిపిస్తుంది.

ఆ, కూర్చుంటాను. ఈ హెడ్‌ఫోన్ల పెట్టె కాస్త అటు జరపండి.

మొదట ఒక సంగతి. మేం ఆడింది పేకాట కాదు. మా వీధిలో కొందరు అలాగే చెప్పుకుంటున్నారు. గుళ్ళో భజనకి ముందు వరసలో కూర్చుంటుంది, ఇంటికెళ్ళి కార్డులాడుతుంది అని. ఇది యుద్ధం ఆట. మామూలుగా అయితే ఇందులో కోట కట్టాలి, గనులు తవ్వాలి, సరుకు పోగెయ్యాలి, అప్పుడు గానీ సైన్యం తయారవదు. ఇల్లు కట్టడాలూ సరుకులు మోయడాలూ మాకు బయట చాలడం లేదూ? ఈ కార్డుల పద్ధతిలో ఆ బాదరబందీ లేదు. ముందే కార్డుల కట్ట కూర్చుకుంటాం. చేతిలోకి కొన్ని వస్తాయి. శక్తి నిండగానే ఒకటి వేస్తే అందులోని బండో బలగమో మైదానంలోకి దిగుతుంది. ఉన్నవి మూడు స్థలాలు. ఎక్కువ ఎవరి చేతిలో ఉంటే పాయింట్లు వాళ్ళవి.

మీకు తెలుసులెండి. గుమ్మంలో ఉన్న ఆ పెద్దాయన కోసం చెబుతున్నాను.

ఇక పేర్లు. ఆ కార్డుల మీద ఇంగ్లీషు పేర్లు నాకూ మా తోడికోడలికీ నోరు తిరగవు. తిరిగినా యుద్ధం మధ్యలో గుర్తుకు రావు. అందుకని చుట్టాల పేర్లు పెట్టుకున్నాం. దూసుకొచ్చి, అన్నీ చూసి, ఊరంతా చెప్పొచ్చే వేగు బళ్ళున్నాయే, అవి ఆడపడుచులు. నేలలో దాగి, కాలు పడేదాకా ఉన్నట్టే తెలియని మందుపాతర మేనత్త. దెబ్బతిన్నవాటిని బాగుచేసే బండి అమ్మమ్మ. విమానం అల్లుడుగారు. పైనుంచి మెరుస్తూ వస్తాడు, ఓ చుట్టు తిరుగుతాడు, నేల మీద పని మాత్రం ముట్టుకోడు.

నవ్వండి, నవ్వితే తప్పేం లేదు.

అన్నిటికంటే పెద్ద ట్యాంకు మామగారు. ఖర్చెక్కువ, నడక నెమ్మది, వస్తే అందరూ తప్పుకోవాలి. మా ఇద్దరి కట్టల్లోనూ ఒక్కొక్క మామగారు ఉంటాడు. అది పేలిపోతే ఏమనాలి మేము? మామగారు పేలిపోయాడు అనగలమా, కోడళ్ళం అయ్యుండి? అందుకే పోయారు అంటాం. ఇనప ట్యాంకైనా సరే, ఆ మాట దగ్గర గౌరవం దానంతట అదే వచ్చేస్తుంది. మొన్న మొదటి ఆటలోనూ అన్నాం, నిన్న సెమీస్‌లోనూ అన్నాం. అప్పుడెవరికీ అది మోసంలా వినిపించలేదు. ఫైనల్లో గెలిచాకే వినిపించింది.

జరిగింది ఇదీ. మేమిద్దరం పక్కపక్కన, ఎదురు బల్ల మీద ఆ బ్యాంకు ఉద్యోగులు, బావా బావమరిదీ. పాయింట్లు దాదాపు సమానం. మధ్య స్థలం ఎవరిదైతే కప్పు వాళ్ళది. మా చెల్లి... తోడికోడల్ని చెల్లి అనే అంటాను, అలవాటు... రక్తపరీక్షల ల్యాబులో పని దానికి. సూది గుచ్చినా తెలీదు, మాట్లాడినా తెలీదు, అంత నెమ్మది. నా చెవిలో అంది, "అక్కా, మామగారు పోయారు."

నా ఉద్యోగం బస్టాండులో మైకు ముందు. ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఎవరి పిల్ల తప్పిపోయిందో, ఏదైనా రెండుసార్లు చెప్పాలి, చివరి బెంచీ దాకా వినపడాలి. విన్నది విన్నట్టు నోట్లోంచి వచ్చేస్తుంది.

"మామగారు పోయారు. మామగారు పోయారు."

హాలంతా ఒక్కసారిగా మావైపు తిరిగింది. పాపం ఆ బావగారు ముందు తన బావమరిది మొహం చూశాడు. చూడడూ? అతని మామగారంటే పక్కనున్న బావమరిది తండ్రే కదా. ఆ అబ్బాయి తెల్లబోయి, మనింట్లో కాదు, వాళ్ళింట్లో అని మావైపు చూపించాడు. అంతే, ఇద్దరూ చేతులు తీసేశారు. హెడ్‌ఫోన్లు దించి లేచి నిలబడ్డారు. ఈలోగా మధ్య స్థలం మాదైపోయింది, పాయింట్లు నిండాయి, కప్పు మాదైంది.

దానికి మీరంటారూ, చావు కబురు అడ్డం పెట్టుకుని గెలిచారని. ఈ ఆటలో మా ఇద్దరి ఖాతాలూ మూసేస్తామని.

ఆ ఖాతాలంటే మాకేమిటో తెలుసా మీకు?

అసలు మామగారు ఇంకా ఉన్నారు. అన్నదమ్ములకి మాటామాటా వచ్చిన రోజు ఇంటికి అడ్డంగా గోడ కట్టించింది ఆయనే. గోడ తన భుజం దాకా ఉంటే సరిపోదని, మేస్త్రీ చేత ఇంకో రెండు వరసలు పెట్టించారు. మా ఇద్దర్నీ నిలబెట్టి చెప్పారు, ఆ గడప తొక్కినవాళ్ళు ఈ గడప తొక్కొద్దని. మేం తొక్కలేదు. ఇప్పటికీ తొక్కలేదు. ఆయన మంచాన పడ్డాక కూడా మాట తప్పలేదు. అది తన గదిలో, నేను నా గదిలో, మధ్య గోడ, ఆట పెట్టుకుంటే హెడ్‌ఫోన్లలో ఒకరి చెవిలో ఒకరం.

ఫోన్ చేసుకోవచ్చు కదా అంటారా? చేసుకున్నాం మొదట్లో. ఏం చెప్పుకోవాలో తెలిసేది కాదు. ఇద్దరం ముక్కులు ఎగబీల్చి పెట్టేసేవాళ్ళం. ఒకే వంటగదిలో మసిలినవాళ్ళం బాబూ, చేతిలో పనుంటేనే మాకు మాట పెగులుతుంది. ఈ ఆటలో అయితే ఆడపడుచుని పంపు, అమ్మమ్మని వెనక్కి లాగు అంటూ, మధ్యలో నీకు మోకాలి నొప్పి తగ్గిందా, పిల్లది అన్నం తింటోందా అని అడుగుతాం. ఆ ఖాతా మూస్తే ఆ గోడకి మరో నాలుగు వరసలు పెట్టినట్టే.

ఇందాక మీరు మెల్లగా ఓ దారి చూపించారు. జనం వినలేదనుకున్నారేమో, వినిపిస్తాను. మా చెల్లే కావాలని అంది, నాకేం తెలీదు అని నేను చెబితే నా ఒక్కదాని ఖాతా ఉంచుతారు, కప్పు కూడా నా దగ్గరే ఉంటుంది. అంతేగా?

చెప్పను. అది నోరు లేని మనిషి. దాని నెత్తిన పెట్టి నేను కప్పు పట్టుకెళ్ళి ఎక్కడ దాచుకోను? పొద్దున లేచి దేవుడి ముందు దీపం పెట్టేది ఈ చేత్తోనే. కప్పు మీరే ఉంచుకోండి. ఆ బావగారికిచ్చినా సరే, బంగారం లాంటి మనుషులు. కానీ మోసం అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోవాలి.

మీకింకా అనుమానంగానే ఉంది కదూ. ఆ చూపు నాకు తెలుసు. టికెట్ పోయిందన్నవాణ్ణి కండక్టరు చూసే చూపు అది.

సరే, అయితే వినండి. ఎలాగూ తలుపు తీసే ఉంది.

మా చెల్లి మామగారు పోయారు అన్నప్పుడు నా మామగారు, నా ట్యాంకు, మధ్య స్థలంలో నిక్షేపంలా నిలబడి ఉన్నాడు. నా కళ్ళెదుట. పేలింది మా చెల్లి ట్యాంకు, ఎక్కడో మూల, నా తెర మీద ఆ మూల కనపడటం లేదు. నా ఫోను సంచిలో ఆపేసి ఉంది. దానిది ఒళ్ళో ఉంది. ఆయన్ని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చి ఎన్నాళ్ళో కాలేదు, డాక్టరు గట్టిగా ఏమీ చెప్పలేదు. ఏదైనా అయితే నేను దొరక్క దానికే చేస్తారు. నాకేమనిపించాలి? ఇంటి నుంచి ఫోనొచ్చింది, ఆయనే పోయారు అనుకున్నాను. నిజమనుకునే పైకి అన్నాను. రెండుసార్లూ నిజమనుకునే అన్నాను.

ముక్కూమొహం తెలియని ముసలాయన కోసం వాళ్ళిద్దరూ చేతులు తీసి లేచి నిలబడ్డారు.

నేను పెద్దకోడల్ని. ఆయనకి మందులు వేసేది నేను, దుప్పటి మార్చేది నేను. నా చెయ్యి మాత్రం ఆట మీంచి లేవలేదు. అల్లుడుగారి కార్డు వేశాను. తర్వాత ఇంకోటి వేశాను. మధ్య స్థలం పట్టుకున్నాక గానీ తల తిప్పి దాని మొహం చూడలేదు. అది నవ్వుతోంది. అప్పుడు తెలిసింది, పోయింది ట్యాంకని.

ఎవర్ని మోసం చేశానో ఇప్పుడు చెప్పండి.

చెయ్యి లేవకపోవడానికి మీ నియమాల్లో శిక్ష ఉంటే వేయండి, కాదనను. అది మాత్రం నాదే, దానిది కాదు. పైవాడికి నేనే చెప్పుకుంటాను. ఆయన దగ్గరున్న నా ఖాతా మీరు మూయగలిగేది కాదు.

ఏమిటి? పేరు మారుస్తారా అనా?

మార్చం. పెద్ద ట్యాంకు మామగారే. పోతే పోయారనే అంటాం, నేనైతే రెండుసార్లు అంటాను. నిజంగా ఆయన పోయిన రోజు చేతులు తీసి లేచి నిలబడతానో, ఇంకో కార్డు వేస్తానో... అది ఆ రోజు చూసుకుందాం లెండి. మా చెల్లి అక్కడ నిలబడి ఉంది, దారివ్వండి. బస్సు టైమయింది.