రబ్బరు బూట్లతో దాతల గడప తొక్కిన మెర్ల్ హాస్లెట్ గారు

1987 ఆగస్టు 17వ తేదీన శ్రీ మెర్ల్ హాస్లెట్ గారు మన కళాశాల క్రీడా విభాగంలో విరాళాల అధికారిగా చేరారు. చేరిన గంటకే ఆయన సంచీ సర్దుకుంటూ, ముందుగదిలో బల్ల దగ్గర కూర్చున్న నా కంటపడ్డారు. కుస్తీ జట్టు ఫొటో, ఆయన సతీమణి కోరా గారు చేసిన ప్లమ్ జామ్ సీసా, అడుగున ఒక జత రబ్బరు బూట్లు. నాకు గాబరా పుట్టింది.

"అప్పుడే వెళ్లిపోతున్నారా అండీ? ఉద్యోగం నచ్చలేదా?"

"దాతలు మన ఆఫీసుకు రారు కదా, ఓపల్ గారూ. మనమే వాళ్ల పశువుల కొట్టానికి పోవాలి. అక్కడ పేడ ఉంటుంది."

తొలి మూడు సందర్శనాలలో విరాళం ప్రస్తావన తేకపోవడం, దాత చెప్పిన ప్రతి మాటనూ ఓపికతో ఆలకించడం, జట్టు గెలిచిన వార్తతో పాటు ఓడిన వార్తనూ స్వయంగా చేరవేయడం ఆయన వృత్తిధర్మాలు. అయోవా రాష్ట్రపు మట్టిరోడ్ల మీద ఆయన ముప్ఫై ఒక్క ఏళ్లు తిరిగారు. మంచు పడిన రోజుల్లో ఆయన కారు చప్పుడు వినిపించేదాకా నాకు కుదురుండేది కాదు.

1996లో నా వల్ల ఒక ఘోరం జరిగింది. పోటీల కరపుస్తకంలో దివంగత దాతల పేర్లకు విడిగా ఒక పుట ఉంటుంది. ఒకప్పుడు మన జట్టులోనే కుస్తీ పట్టిన పాడిరైతు శ్రీ ఆర్విడ్ స్టాంగ్‌లాండ్ గారి పేరు నేను ఆ పుటలో వేశాను. మర్నాడే ఫోన్ మోగింది.

"నేను పోయానట కదా. మరి పొద్దున పాలు పితికిందెవరు, నా దయ్యమా?"

మెర్ల్ గారు నన్ను వెంటబెట్టుకుని బయలుదేరారు. దారి పొడవునా క్షమాపణ వల్లెవేసుకున్నాను గానీ, కొట్టంలో అడుగుపెట్టగానే ఆర్విడ్ గారే ముందు అందుకున్నారు.

"నన్ను చంపింది ఈవిడేనా, మెర్లూ?"

"ఈవిడేనండీ. పూలు కూడా తెద్దామంది, నేనే వద్దన్నాను."

ఆర్విడ్ గారు ఆవు వీపు మీద చెయ్యి ఆన్చి నవ్వారు. ఆ రోజు మెర్ల్ గారు విరాళం ఊసెత్తలేదు. బూట్లు తొడుక్కుని సాయంత్రం దాకా పేడ ఎత్తారు. మరుసటి వసంతం నుంచి కుస్తీ జట్టు ఖర్చు ఆర్విడ్ గారే భరిస్తూ వచ్చారు.

పదవీ విరమణ చేసిన అధికారి తన దాతల ఇళ్లకు వెళ్లకూడదు, పోటీలలో వారి పక్కన కూర్చోకూడదు. పాత మనిషి కనబడుతుంటే దాత కొత్తవారిని దగ్గరకు రానివ్వడు కాబట్టి ఈ వృత్తిలో అది కట్టుబాటు. ఆర్విడ్ గారి విరాళపు ఒప్పందం ఈ ఏడాదితో ముగుస్తుందనీ, ఆయన తప్పుకుంటే కుస్తీ జట్టు రద్దవుతుందనీ నిరుడు, మెర్ల్ గారి విరమణ దగ్గరపడినప్పుడు, యాజమాన్యం తెలియజేసింది. మెర్ల్ గారు తన స్థానంలోకి వచ్చిన కుమారి థియా లిండ్‌గ్రెన్‌ను ఆఖరిసారి అక్కడికి తీసుకువెళ్లారు. ఆ సంభాషణ థియాయే నాకు చెప్పింది.

"నువ్వు లేనిచోటికి నేనెందుకు రావాలి, మెర్లూ?"

"ఇన్నేళ్లూ నాకోసమే వచ్చారంటే నాకు ఉద్యోగం చేతకాలేదన్నమాట, పెద్దాయనా."

"పెద్ద మాటలు ఆపు. నా పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు?"

"ఈ అమ్మాయి. కుస్తీ గురించి ఓనమాలు కూడా తెలీదు. మీరే నేర్పాలి."

ఆర్విడ్ గారు థియాను ఎగాదిగా చూశారు.

"పాలు పితకడం వచ్చా పిల్లా?"

"రాదండీ."

"సరే, అబద్ధమైతే ఆడలేదు."

అంతకుమించి ఆయన ఏమీ తేల్చలేదు. 2018 డిసెంబరు 20న మెర్ల్ గారి వీడ్కోలు సభ ముగిసింది. తర్వాత మూడు వారాలు ఫోన్ మోగితే ఆర్విడ్ గారు తప్పుకుంటున్నారన్న కబురేమో అనుకునేదాన్ని. జనవరి 12న మన వ్యాయామశాలలో మెర్ల్ గారు లేని తొలి పోటీ. నేను పోటీ చూడలేదు, తలుపునే చూశాను. రెండో జోడీ బరిలో ఉండగా ఆర్విడ్ గారు కర్ర ఊతంగా వచ్చి థియా పక్కన కూర్చున్నారు. "అటు కాదు పిల్లా, వాడి మడమ చూడు" అని గదమాయించడం నాదాకా వినిపించింది. మార్చిలో ఒప్పందం పునరుద్ధరించారు. జట్టు నిలిచింది.

మెర్ల్ గారూ, మీకూ కోరా గారికీ రోగమెరుగని శరీరమూ, నిండైన ఆయుష్షూ, తొందరలేని ఉదయాలూ లభించాలని మా అందరి కోరిక.

వ్యాయామశాలకు ఆయన ఇల్లు నాలుగు వీధుల దూరం. డిసెంబరు 20 తర్వాత ఆయన అక్కడికి మళ్లీ రాలేదు.