తనంతట తానే ఆగే కారు

షోరూమ్‌లో మెరిసిపోతున్న కారు చుట్టూ ముగ్గురు: కొనడానికి వచ్చినాయన, అమ్మే అమ్మాయి, పద్దెనిమిదేళ్లుగా ఆయన కారు నడుపుతున్న డ్రైవరు బాబాయి. కొనే ఆయన కారు వైపే చూస్తున్నాడు గాని, బాబాయి మొహం వైపు చూడడం లేదు.

“సార్‌కి ఏ ట్రిమ్ చూపించమంటారు?”

“ట్రిమ్మా? మొన్న ఆదివారమే చేయించుకొచ్చానమ్మా బాబుకి. ఉన్నవే నాలుగు వెంట్రుకలు, ఇంకా ట్రిమ్ చేస్తే గుండే మిగుల్తుంది.”

“బాబాయ్, ట్రిమ్ అంటే కారు రకం. ఒకే కారులో మూడు రకాలు.”

“అలా చెప్పండి. ఏమేం రకాలు తల్లీ?”

“మొదటిది లగ్జరీ అంకుల్. మెత్తగా వెళ్తుంది. రెండోది స్పోర్ట్. పెద్ద చక్రాలు, ఎర్రదారం కుట్టిన సీట్లు. మూడోది స్పోర్ట్ ప్లస్. దాంట్లో... అన్నీ ఉంటాయి.”

“అన్నీ అంటే?”

“అన్నీ అంటే అన్నీ బాబాయ్. నువ్వెళ్లి ఆ డిక్కీ ఎంతుందో చూసిరా.”

“డిక్కీ ఎక్కడికి పోతుంది బాబూ... సరే, చూసొస్తా.”

“ఏమండీ, ఆయన ముందు ఆ సెల్ఫ్ పార్కింగ్ సంగతి ఎత్తకండి.”

“ఎందుకు సార్?”

“ఒకటో తారీఖు నుంచి బాబాయిని మానిపించేస్తున్నాం. ఈ కారు నేనే నడుపుకుంటా. ఆయనకింకా చెప్పలేదు.”

“చెప్పకుండా, కారు ఎంచడానికి ఆయన్నే తీసుకొచ్చారా?”

“ఆయన లేకుండా నేను సైకిలు కూడా కొన్లేదండీ. అలవాటు. సగం దారిలో తెలిసొచ్చింది ఏం చేస్తున్నానో. మా పాప పుట్టిన రోజు రెడ్ లైట్లన్నీ దాటించి మా ఆవిడని ఆస్పత్రికి చేర్చింది ఈయనే. ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

“ఆయనకి... సరే సార్.”

“ఆయనకి?”

“ఏం లేదు సార్. వస్తున్నారు.”

“డిక్కీలో కాపురం పెట్టొచ్చు బాబూ. ఇంతకీ ఆ మూడోది తనంతట తనే సందులో దూరి ఆగుతుందటగా?”

“నీకెవరు చెప్పారు?”

“కాగితం మీద బొమ్మ వేశారుగా. స్టీరింగ్ మీద చెయ్యి లేదు, మొహం మీద నవ్వుంది. అదే తీసుకోండి.”

“వద్దులే. మొదటిది చాలు. మెత్తగా వెళ్తుందట.”

“మెత్తనిది మెత్తగానే మొత్తుతుంది బాబూ. మలుపులో పడవలా ఊగుతుంది. మీ నడుముకి సపోర్ట్ కావాలంటే స్పోర్టే.”

“అయితే రెండోది.”

“మూడోది.”

“నీకేంటి అంత పట్టుదల?”

“మీకేంటి అంత మొహమాటం? కారు కొంటున్నారా, కారుణ్యం చూపిస్తున్నారా?”

“బాబాయ్, ఒకసారి ఇలా కూర్చో.”

“కారులోనా, కుర్చీలోనా?”

“ఎక్కడైనా. నేనొక మాట... మా ఆవిడ, అదే నీ కోడలు, అంటోంది. అంటే, నేనూ అన్నాననుకో...”

“ఊఁ.”

“పాప బడి ఇంటి పక్కకే వచ్చేసింది. నాకు ఆఫీసూ దగ్గరే. తిరుగుడు తగ్గింది...”

“తగ్గింది.”

“అందుకని... ఛ. మొదటిదే రాయండమ్మా. నువ్వే నడుపు బాబాయ్, ఎప్పటిలాగే.”

“వద్దు బాబూ. మొదటిది కొంటే నా ఉద్యోగం పోతుంది.”

“అదేంటి? మూడోది కొంటే కదా పోయేది?”

“అంకుల్, ఇంక నేను చెప్పేస్తా. సార్, మూడోది కొన్నవాళ్లకే నెలరోజులు పక్కన కూర్చుని నడపడం నేర్పే మనిషిని ఇస్తాం. ఈ నెల ఒక్కరైనా అది కొంటేనే ఆ పోస్టు ఉంటుందన్నారు మా మేనేజరు. ఆ మనిషి ఈయనే. ఒకటో తారీఖు నుంచి చేరుతున్నారు. మొదట నేర్పేది మీకే కావాలని అడిగి మరీ రాయించుకున్నారు.”

“అంటే... నీకు ముందే తెలుసా బాబాయ్? ఎవరు చెప్పారు?”

“మీరే. వెనక సీట్లో ఫోన్లో మాట్లాడుకునేది ముందు సీటుకి వినపడదనుకుంటారు. ఇక మీరే ముందు కూర్చుంటారుగా బాబూ, తెలుస్తుంది.”