చిన్నోడు కర్త కాడట

“పెద్దమ్మా, ఎంకపల్లిల నర్సరీ పెడుతున్నం గదా, నేనూ నా దోస్తు శిరీషా. ప్రొప్రైటర్‌షిప్పు అని రాయించాల్నా, పార్ట్నర్‌షిప్పు అని రాయించాల్నా, ఏం సమజైతలేదు. మీ కాలంల మీరేం రాయించిన్రు?”

నన్నడుగుతున్నవా? మంచిగ దొరికిన నీకు. ఏడో తరగతి సదివినదాన్ని నేను. ఇట్ల కూసో, ఆ ఫ్యాను జర తగ్గియ్యి. ఇరవై ఏండ్లు మన దుకాణంల గల్లా మీద కూసున్న, గడ్డపార ఎంత, మొలలు కిలో ఎంత అంటే నిద్రల లేపి అడిగినా చెప్తుంటి. గానీ ఆ దుకాణం ఎవరిది, దాన్ని ఏమంటరు అంటే అప్పుడూ తెల్వదు, ఇప్పుడూ తెల్వదు. మేం రాయించిన తమాషా చెప్త, విను. దాంట్ల మీ బాపుదే పెద్ద కథ.

చేవెళ్ళల మనది ఇనుప సామాన్ దుకాణం. నీకు యాదికున్నదా? లేదులే, నువ్వప్పుడు నిక్కర్లేసుకొని తిరుగుతుంటివి. మీ తాత పెట్టిన దుకాణం అది. నాగలి కర్రులు, పారలు, కొడవండ్లు, బొక్కెనలు. ముడిమ్యాల దిక్కు రైతులు పట్టుకపోయేటోళ్ళు, టమాట అమ్ముకున్నంక ఇచ్చేటోళ్ళు. బిల్లా? బిల్లెక్కడిది బిడ్డా, మాటనే బిల్లు.

అటెన్క ఆ కంప్యూటర్ల జమాన వచ్చింది. మాదాపూర్ల అద్దాల బిల్డింగులు లేసినయి. ఆడ నౌకరీ చేసేటోళ్ళు ఐతారం రాంగనే కార్లేసుకొని మొయినాబాద్ దిక్కు వచ్చుడు, భూములు కొనుడు. ఒకప్పుడు ఆ దిక్కు ఎకరం జత ఎడ్ల ధరకు వస్తుండె అని మీ తాత అనేటోడు, నిజమో అబద్ధమో. ఇగ కొన్నోడు ముందుగాల ఏం చేస్తడు? చుట్టు కంచె ఏస్తడు. కంచెకు ముళ్ళతీగ కావాలె, రాతి కడీలు కావాలె. మన దుకాణం ముంగట కడీలు నిలువెత్తువి కుప్పలు కుప్పలు. నడువ సందు లేకుండె. కర్రు కొనేటోడు తగ్గిండు, కంచె కొనేటోడు ఎక్కువైండు. ఏం చెప్తున్న నేను? ఆఁ, చెక్కు.

జన్వాడ కాడ ఒకాయన తోట కొన్నడు. మంచోడే పాపం. కంచె పని మొత్తం మనకే ఇచ్చిండు. పని అయినంక నగదు ఇయ్యనన్నడు, కంపెనీ లెక్కనట, చెక్కే ఇస్తడట. బోర్డు మీద ఏం పేరున్నదో సూసిండు, ఆ పేరు మీదనే రాసిచ్చిండు. బోర్డు మీదున్నది మీ తాత పేరు. మీ తాత పోయి అప్పటికి మూడేండ్లు! మీ పెద్దబాపు అది పట్టుకొని బ్యాంకుకు పోతే, ఆడున్నాయన ‘వీరే వచ్చి సంతకం పెట్టాలె’ అన్నడట. ‘ఆయన రాలేడు సార్’ అన్నడట ఈయన. ‘రాలేకపోతే ఆటోల తీస్కరండి’ అన్నడట. మీ పెద్దబాపు ‘సరే సార్’ అని ఇంటికొచ్చిండు. నవ్వకు. నాకైతే ఆ దినం ఏడుపొచ్చింది.

గట్ల పోయినం మెహదీపట్నం ఆడిటర్ కాడికి. మీ పెద్దబాపు, మీ బాపు, నేను. నేనెందుకంటే, ఆ పక్కనే కండ్ల డాక్టర్‌కు సూపించుకునేదుండె. ఆడిటర్ పోరడే, మూతి మీద మీసం కూడా సరిగ లేదు. ఒక్కరి పేరు మీద పెడితే ప్రొప్రైటరట, అప్పుడు దుకాణం ఒక్క తమ్మునిదో, ఒక్క అన్నదో అయితదట. ఇద్దరు కలిస్తే పార్ట్నర్లట, ఎవరి వంతు ఎంత అని కాయితం రాసుకోవాలెనట. ఇంకొకటున్నది, లిమిటెడు. అది పెడితే సాలుకోపారి లెక్కలు ఆడిట్ చేయించుకుంట వీని సుట్టే తిరగాలె. నాకు తల తిరిగింది. మీ పెద్దబాపు అన్నింటికి తలూపుతుండు. ఆయనకేమన్న సమజైతే ఒట్టు.

ఆఖరికి ఆ పోరడు అడిగిండు, ‘మీరందరు ఒక్క పొయ్యి మీదనే వండుకొని తింటరా?’ అని. అవునన్నం. ‘దుకాణం తాత తండ్రుల ఆస్తేనా?’ అవునన్నం. ‘మరింకేంది, హెచ్‌యూఎఫ్ పెట్టుకోండి’ అన్నడు. నేను ‘హుఫ్’ అనుకున్న, దీపం ఊదినట్టు. గిదేం పేరురా నాయినా, మొదలుపెట్టంగనే అని. అంటే అందరు కలిసున్న హిందూ కుటుంబమట. కుటుంబానికి కుటుంబమే ఒక మనిషి లెక్కనట. దానికి వేరే పాన్ కార్డు, వేరే టాక్స్ లెక్క. నీకన్న సమజైందా? ఒక ఇల్లు మనిషెట్లయితది? సరే కానీ.

‘దీనికి కర్త ఉండాలె’ అన్నడు. ‘పెద్దకొడుకే కర్త. చిన్నాయన కర్త కాడు, ఉత్త మెంబరు. ఇంట్ల ఉన్న మీ అమ్మగారు కూడా మెంబరే. ఆమెకు కూడా కర్త ఈయననే’ అని మీ పెద్దబాపును సూపెట్టిండు. సంతకాలు పెట్టండని కాయితాలు ముంగటేసిండు.

మీ బాపు పెన్ను పట్టుకున్నోడు కింద పెట్టిండు. ‘నేను పెట్ట’ అన్నడు. ఎందుకురా అంటే మాట లేదు. బస్సుల మమ్ముల ఇడిసి పోయి ఎనక సీట్ల కూసున్నడు. ఇంటికొచ్చి అన్నం తినలే.

రెండో దినం అదే తీరు, వారం దినాలైనా అదే తీరు. దుకాణంల అన్న ఈ దిక్కు, తమ్ముడు ఆ దిక్కు. గిరాకొచ్చి తీగ అడిగితే ఒకని మొకం ఒకడు సూసుడు. మీ పెద్దబాపు పరేషాన్. ‘వాడు వేరు పడుతడట, గందుకే పెడ్తలేడు’ అన్నడు నాతోని. ఎవరన్నరు వేరు పడుతడని? ఎవ్వరనలే. ఈయనకే పుట్టింది. నాకు మాత్రం మీ అమ్మ మీద అనుమానం, ఇప్పుడు దాపెందుకు. మీ అమ్మకేమో నా మీదనట! పొయ్యి కాడ ఇద్దరం గిన్నెలు ధన్ ధన్ పెట్టుకుంట వారం ఎల్లదీసినం. ఎవరికేం తెల్వదు, అందరికీ కోపమే.

ముదిరింది ఇగ. ‘సరే, పంచుకుందాం’ అన్నడు మీ పెద్దబాపు. దుకాణం మధ్యల గోడ పెడుదమన్నడు. మేస్త్రీని కూడా పిలిపిచ్చిండు. వాడొచ్చి తాడు పట్టి కొలువవట్టిండు. ఆ దుకాణంలనే మీ తాత ఇద్దరినీ చెరొక మోకాలు మీద కూసోబెట్టుకునేటోడట. బిడ్డా, ఆ దినం నేను మొక్కని దేవుడు లేడు.

మీ నానమ్మ మోకాళ్ళ నొప్పులతోని నడిమి ఇంట్ల మంచంలనే ఉండె. ఆమెకు ఎవ్వరం చెప్పలే. గని మేస్త్రీ గొంతు ఇనవడ్డది. ‘చిన్నోన్ని పిలువు’ అన్నది. వచ్చిండు మీ బాపు. ‘ఏమిరా, అన్ని పంచుకుంటున్నరట, నన్నెవరి వంతుల ఏసిన్రు?’ అనడిగింది.

అంతే బిడ్డా. అంత మనిషి, మంచం పట్టెకు తల పెట్టి ఎక్కెక్కి ఏడ్సిండు. ‘నువ్వు నా వంతుకు రావంటనే అమ్మా. నీకు కర్త అన్ననేనట. నేను ఉత్త మెంబర్నట. నీకు కొరివి పెట్టే హక్కు నాకు లేదని గవర్నమెంటోళ్ళే రాసిన్రట. నేనెట్ల సంతకం పెట్టాలె?’ అన్నడు.

మన తాన తండ్రికి పెద్దోడు, తల్లికి చిన్నోడు కర్త అయ్యి కొరివి పెడుతడు గదా. చిన్నప్పటి సంది ‘నాకు నువ్వే కర్తవురా’ అని ఆమె ఒళ్ళె పండుకోబెట్టుకొని చెప్పేది. మీ బాపు చెవుల దుకాణం పడలే, చెక్కు పడలే, పాన్ కార్డు పడలే. గదొక్కటే చెవుల పడ్డది, అమ్మకు నేనేం కాను అని. మీ పెద్దబాపు గడప కాడ నిలవడ్డోడు అట్లనే కూలవడ్డడు. ‘ఆ మాట నాతోని అనొద్దారా తమ్మీ’ అని అంటడు, మళ్ళ అంటడు. మేస్త్రీకి చాయ్ పోసి పంపించినం.

మీ నానమ్మ ఊకుంటదా? ‘ఎవడు వాడు, నేను బతికుండంగనే నాకు కర్తను పెట్టెటోడు? తోలుకపోండి నన్ను’ అన్నది. కిరాయి జీపు మాట్లాడినం. ఆడిటర్‌ది మీది అంతస్తు. కొడుకులిద్దరు చేతులు కలిపి కూసోబెట్టుకొని ఎక్కిచ్చిన్రు. ‘నా కర్త చిన్నోడు, ఎట్ల మార్చినవు?’ అని మొదలువెట్టింది. ఆ పోరడు భయపడి లావు బుక్కు ఒకటి తీసి, ‘లేదవ్వా, చట్టంల పెద్దకొడుకే ఉంటడు’ అంటడు. ‘నా సావు నీ చట్టంల ఉన్నదా?’ అంటది ఈమె. వానికి ఈమె మాట తెల్వదు, ఈమెకు వాని మాట తెల్వదు. మేం నలుగురం, అన్నదమ్ములు, తోడికోడండ్లు, మధ్యల. ఎప్పుడో వానికి ఎలిగింది. బుక్కు మూసి, ‘అవ్వా, నాది టాక్స్ కట్టే కర్త. నీది వేరే కర్త. రెండింటికి సంబంధం లేదు’ అన్నడు.

‘గంతేనా? ముందే చెప్పరాదు. టాక్స్‌కు పెద్దోడు, నాకు చిన్నోడు. రాసుకో’ అన్నది.

మీ బాపు అప్పుడు పెట్టిండు సంతకం. బోర్డు మారింది, బ్యాంకు ఖాతా వచ్చింది. జన్వాడ ఆయన నవ్వుకుంట కొత్త చెక్కు రాసిచ్చిండు. మీ పెద్దబాపుకు కర్త అని రబ్బరు స్టాంపు కూడా చేయించిన్రు. బిల్లు మీద దబ్బున కొట్టుడు, దస్కత్ చేసుడు, సంతకాన్ని ఆయన దస్కతే అంటడు. అట్లనే ఏండ్లు గడిచినయి. అది మంచి పద్ధతేనా, పార్ట్నర్లు పెట్టుకుంటే ఇంక మంచిగుంటుండెనా, నాకు తెల్వదు బిడ్డా, నన్నడగొద్దు.

మీ నానమ్మ పోయిన దినం నీకు యాదికే ఉంటది, అప్పటికి నువ్వు ఇస్కూలుకు పోతుంటివి. వాకిట్ల అందరున్నరు. అయ్యగారు దర్భలు సరిచేసుకుంట, తల ఎత్తకుండనే ‘కర్త ఎవరు, ముందుకు రావాలె’ అన్నడు.

మీ పెద్దబాపు లేసిండు. కావాలని కాదు. గా మాటకు లేసుడు, దస్కత్ పెట్టుడు ఆయనకు అలవాటైపోయింది గదా. రెండడుగులేసిండు కూడా. మీ బాపు నిలవడ్డ కాడనే నిలవడ్డడు, అన్న దిక్కు సూసుకుంట ఉన్నడు. అప్పుడు ఈయన ఆగిండు. ఎనకకు మర్రొచ్చి, మీ బాపు రెక్క పట్టుకొని ముందుకు తోలిండు.

‘పోరా తమ్మీ’ అన్నడు. ‘గీ దస్కత్ నీది.’

...ఏమో బిడ్డా. నర్సరీకి ఏం రాయిస్తవో రాయించుకో, ఆడిటర్ చెప్పిందే చెయ్యి. గని ఆ పిల్లను, శిరీషను, సంతకం పెట్టే ముందు ఇంటికి తీస్కరా. ఇంత అన్నం పెట్టి, ‘నీకేం సమజైంది’ అని నేనొకపారి అడుగుత. సల్లగుండున్రి ఇద్దరు. మీ మొక్కలు మంచిగ పట్టాలె.