ఆదివారం దిగులు పడ్డ ఇంజిన్

గంటలయ్యకి అన్యాయం జరిగింది మొన్న మంగళవారం, పొద్దున పదిన్నరకి, నా టీ కొట్టుకి ఎదురుగా ఉన్న రేసు కారు షెడ్డులో. పదకొండేళ్లుగా ఆయన రాస్తున్న పుస్తకాన్ని ఓనరు చెత్తబుట్టలో పడేసి, "నీ లెక్క తప్పు, రేపట్నుంచి రావక్కర్లేదు" అన్నాడు.

రేసు ఇంజిన్‌ని కిలోమీటర్లతో కాదు, గంటలతో కొలుస్తారు. ఆ ఇంజిన్ నలభై గంటలు నడిచిందా, విప్పి లోపలి సామాన్లు మార్చాల్సిందే. లేదంటే పరుగు మధ్యలో పేలి కూర్చుంటుంది. స్టార్ట్ చేసినప్పుడల్లా ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఎందుకు నడిపారు అని మూడు గళ్లలో రాయడమే గంటలయ్య ఉద్యోగం. నాలుగు నెలల కిందట, ఇంజిన్ విప్పి మళ్లీ బిగించిన రోజున, ఓనరు ఎవరికీ చెప్పకుండా సీటు వెనకాల ఒక మీటరు పెట్టించాడు. మంగళవారం చూస్తే మీటరులో నలభై గంటల నాలుగు నిమిషాలు. పుస్తకంలో ముప్ఫై మూడు గంటల నలభై.

గురువారం సాయంత్రం గంటలయ్య నా బల్ల మీద కూర్చుని అందుకున్నాడు. వినడానికి షెడ్డులో పనిచేసే ఫిట్టరమ్మాయి, పక్క దుకాణం టైర్లాయన ఉన్నారు. నేను ఎటూ ఉంటాను, ఎక్కడికి పోతాను గనక.

"మీటరంట మీటరు! నా చెవి ముందు అదెంత? కళ్లు మూసుకుని ఒక్కసారి వింటే ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో చెప్పేస్తాను, నిమిషాలతో సహా. ఒకసారి ఇంట్లో స్నానం చేస్తున్నానా, తల నిండా సబ్బు, మూడు కిలోమీటర్ల అవతల షెడ్డులో బండి స్టార్టయింది. విన్నాను! సబ్బుతోనే గోడ మీద టైము రాసుకున్నాను. మర్నాడు వచ్చి అడిగితే సెకను తేడా లేదు."

"నిన్న నేను టీ బాకీ అడిగితే మాత్రం వినపడలేదు," అన్నాను.

"నువ్వు ఇంజిన్‌వి కాదు కదా చెల్లెమ్మా! ఆ తర్వాత సంగతి విను. ఓసారి రేసు మధ్యలో ఉండగానే నలభై గంటలు నిండిపోయాయి. ఓనరు నెత్తి పట్టుకుని ఏడుపు. నేనేం చేశానో తెలుసా? డ్రైవరుకి చెయ్యూపాను, రివర్సు గేరు వెయ్యరా అని! వాడు వెనక్కి మూడు చుట్లు కొట్టాడు. గంటలు తగ్గడం మొదలెట్టాయి. ముప్ఫై తొమ్మిది, ముప్ఫై, ఇరవై…"

"మరి రేసు?" టైర్లాయన నోరు తెరిచాడు.

"గెలిచాం! వెనక్కి వెళ్తూనే అందర్నీ దాటేశాం. అసలు చిక్కు అప్పుడొచ్చింది. వాడు ఆపడే! గంటలు సున్నాకొచ్చి, సున్నా కిందకి దిగాయి. ఇంజిన్‌కి వయసు తగ్గిపోతోంది. అరిగిన బోల్టులకి మరలు మొలిచాయి, మీద కొట్టిన నంబరు చెరిగిపోయింది, పిస్టన్లు వేడెక్కి ముద్దలయ్యాయి. నేను అడ్డం పడి ఆపాను కాబట్టి సరిపోయింది, ఇంకో చుట్టు తిరిగితే గనిలో మట్టిగా తేలేది!"

ఫిట్టరమ్మాయి నవ్వలేదు. "అన్నీ బానే ఉన్నాయి బాబాయ్. మరి ఈ ఆరు గంటల ఇరవై నాలుగు నిమిషాలు ఎక్కడివి?"

గంటలయ్య గ్లాసులోకి చూశాడు. గ్లాసు ఖాళీ. అయినా ఊదాడు.

"అదా… ఆదివారం షెడ్డుకి సెలవు. నేను కనిపించను. దానికి దిగులు. ఎంతసేపని ఆ చీకట్లో ఒక్కతే కూర్చుంటుంది? అందుకని దానంతట అదే స్టార్టయి, కాసేపు గుడగుడమని, మళ్లీ ఊరుకుంటుంది. పదకొండేళ్ల అలవాటు మరి."

నాకు నోరు ఆగదు. "అన్నా, ఇసుక లోపలికి రాకూడదని షెడ్డు బయట చెప్పులు విప్పేది ఈ లోకంలో నువ్వొక్కడివే. ఇంజిన్ దానంతట అదే స్టార్టయితే, ఆదివారం నాలుగింటికి గుమ్మం ముందు నీ చెప్పులెందుకుంటాయి?"

ఆదివారం ఈ వీధిలో కొట్టు తెరిచేది నేనొక్కదాన్నే. బేరం ఉండదు, పుస్తకం చదువుకుంటాను. నాలుగు కాగానే ఆ శబ్దం మొదలవుతుంది, ఇంక పేజీ కదలదు. ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. నాకూ ఆ వేళకి ఏదో ఒక చప్పుడు ఉంటే బాగానే అనిపించేది.

"ఇంట్లో ఫ్రిజ్ కూడా తీసేశాను," అన్నాడు గంటలయ్య, మామూలు గొంతుతో. "ఒక్కడికెందుకని. అది పోయాక తెలిసింది, ఇంట్లో మోగేది అదొక్కటేనని."

"ఎంతసేపు నడిపేవాడివి?" అడిగింది ఫిట్టరమ్మాయి.

"కదలకుండా నిలబెట్టి నడిపితే గాలి తగలదు, నీళ్లు వేడెక్కుతాయి. ముల్లు ఎర్రగీత దగ్గరకొచ్చేసరికి ఆపేసేవాణ్ణి. ఇరవై నాలుగు నిమిషాలు. ఒక్క నిమిషం ఎక్కువ ఉంచలేదమ్మా."

ఫిట్టరమ్మాయి వేళ్ల మీద లెక్కపెట్టింది. పదహారు ఆదివారాలు. సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది, చెత్తబుట్టలోంచి తెచ్చిందట, అట్ట మీద గ్రీజు మరక.

"ఇది రాస్తే నీ లెక్క నిమిషం తప్పలేదని తేలుతుంది. దొంగచాటుగా నడిపావనీ తేలుతుంది. ఉద్యోగం మాత్రం ఇంక రాదు. రాయకపోతే, ముసలోడికి లెక్క రాదనుకుని జాలిపడి ఓనరు గేటు దగ్గరైనా కూర్చోబెడతాడు. నీ ఇష్టం బాబాయ్."

గంటలయ్య నా దగ్గర పెన్ను అడిగి తీసుకున్నాడు. మొదలైంది, ఆగింది, గళ్లు గబగబా నిండాయి. మూడో గడి దగ్గర చెయ్యి ఆగింది. ఎందుకు నడిపారు? 'ఊరికే' అని రాశాడు. పదహారు సార్లూ అదే మాట. కింద గీత గీసి మొత్తం వేశాడు.

ఆరు గంటల ఇరవై నాలుగు నిమిషాలు.